ఎమ్మెల్యే సభలో వృద్ధుల గురించి, మద్యం గురించి కలిపి మాట్లాడితే ఒరిగేదేమైనా ఉందా?

మీరు అడిగింది ఇదీ: మీ ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో రెండు మూడు నిమిషాల్లోనే వృద్ధుల ఆలనా పాలనా గురించి, ఊళ్లలో మద్యం గురించి కలిపి మాట్లాడారు, మంత్రి గారు "పరిశీలిస్తాం" అని కూర్చున్నారు, అంతటితో అయిపోయింది. ఒకదానికొకటి సంబంధం లేని విషయాలు ఎందుకు కలిపారు, ఆ మాటల వల్ల ఒరిగేదేమైనా ఉందా అని.

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లలో ఆర్డీఓ ఆఫీసులో తల్లిదండ్రుల పోషణ కేసుల సెక్షన్ చూశాను. రిటైరయ్యాక పెద్దవాళ్లకి అర్జీలు రాసిపెడుతూ, ఒకరిద్దరు ఎమ్మెల్యేలకి సభలో అడగాల్సిన ప్రశ్నలు కూడా తయారుచేసి ఇచ్చాను. కాబట్టి రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నాను. ఆ రెండూ ఒకే సమస్య, ఆయన కలపడం నూటికి నూరు పాళ్లూ సరైన పని. ఇక మంత్రి "పరిశీలిస్తాం" అనడం చాలామంది అనుకున్నట్టు ఉత్తమాట కాదు, దాన్ని పట్టుకుని ముందుకు వెళ్లే దారి సభలోనే ఉంది. ఆ దారిలో నడిచేవాళ్లే తక్కువ.

ముందు ఎందుకు కలపాలో చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు బాధ కలిగించింది ఆ "సంబంధం లేని" అనే మాటే.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అని 2007లో కేంద్రం చేసింది. 60 ఏళ్లు దాటినవాళ్లు, లేదా ఏ వయసు తల్లిదండ్రులైనా, పిల్లలు చూడకపోతే ఆర్డీఓ గారి దగ్గరుండే ట్రిబ్యునల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నోటీసు వెళ్లిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు, అంతే. నెలకి గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. కొడుకు ఇవ్వకపోతే వారంటు జారీ చేసి నెల రోజుల దాకా జైలుకి పంపే అధికారం కూడా ఉంది. కాగితం మీద మంచి చట్టం.

నా టేబుల్ దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది తల్లులు. ఒకామె నాకు ఇప్పటికీ గుర్తుంది, దరఖాస్తు ఫారం చేతిలో పెట్టి "ఎంత కావాలని రాయమంటావమ్మా?" అంటే "డబ్బులొద్దు బాబూ, వాడి తాగుడు మాన్పించండి చాలు" అంది. ఆ ఫారంలో ఆ మాట రాయడానికి గడి లేదు. చివరికి నెలకి 3,000 అని రాశాం, ఆర్డరు కూడా వచ్చింది, కొడుకు ఒక్క నెల కూడా కట్టలేదు. కట్టకపోతే వారంటుకి అడగవచ్చమ్మా అని చెబితే "వాడిని జైల్లో పెడితే కోడలు, పిల్లలు ఏమైపోతారు" అని ఏడుస్తూ వెళ్లిపోయింది. ఇలాంటివి నేను ఎన్నో చూశాను. కూలి డబ్బులు సాయంత్రానికే తాగేసే మనిషి మీద పోషణ ఆర్డరు వేస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? రాదు. మద్యం సంగతి తేల్చకుండా ఇచ్చిన ఆర్డరు ఫైల్లోనే ఉండిపోతుంది.

పెన్షన్ సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పెన్షన్ 2024 జూలై నుంచి నెలకి 4,000, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ఇందులో కేంద్రం వాటా ఎంతో తెలుసా, 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి 200 రూపాయలు, 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రమే భరిస్తోంది, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ డబ్బు ఆ పెద్దావిడ చేతిలో ఎంతసేపు ఉంటుందో ఎవరైనా లెక్క తీశారా? కొడుకు తాగే ఇంట్లో ఒకటో తారీఖు అంటే ముసలితల్లికి పండగ కాదు, టెన్షన్. ఉదయం వేలిముద్ర వేస్తుంది, మధ్యాహ్నానికి కొడుకు వస్తాడు, ఇవ్వకపోతే గొడవ, ఇస్తే మందుల కొట్టుకి డబ్బులుండవు. బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునే పెద్దవాళ్లని నేను చూశాను, మాత్రలు నెలంతా సరిపెట్టుకోవడానికట. సభలో పెన్షన్ గురించి మాట్లాడేటప్పుడు ఎంతమందికి ఇస్తున్నాం, ఎంత పెంచాం అనే మాటే వస్తుంది, ఇచ్చిన డబ్బు ఆ మనిషికే ఖర్చవుతోందా అనే మాట రాదు. మీ ఎమ్మెల్యే గారు ఆ రెండో మాట ఎత్తారు, అందుకే ఆయన్ని నేను సమర్థిస్తున్నాను.

ఇంకో విషయం, దీన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది 1992 ప్రాంతంలో. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. అప్పుడు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా కొట్ల ముందు నిలబడిన ఆడవాళ్లకి ముప్పై, నలభై ఏళ్లు ఉంటాయి. వాళ్లే ఈరోజు అరవైలు, డెబ్భైలు దాటి పెన్షన్ తీసుకుంటున్న ముసలమ్మలు. అప్పుడు మొగుడి తాగుడు మీద పోరాడారు, ఇప్పుడు కొడుకు, మనవడి తాగుడు భరిస్తున్నారు. వృద్ధుల సంక్షేమం, మద్యం వేరువేరు అని నేను ఎలా అనుకోగలను చెప్పండి?

ఇక మద్యం ఎంత పాకిందో అంకె కావాలంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. తెలంగాణలో ఆడవాళ్లలో కూడా 6.7 శాతం. ఇవి అడిగితే ఒప్పుకున్నవాళ్ల లెక్కలు.

పెద్దవాళ్లే తాగే సంగతి కూడా ఉంది, దాన్ని సభలో ఎవరూ ఎత్తరు, ఇళ్లలోనూ దాస్తారు. వయసు మీద పడ్డాక ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది, కాలేయం నెమ్మదిస్తుంది, నలభై ఏళ్లప్పుడు తాగిన మోతాదే డెబ్భైలో ఇంకా ఎక్కువ దెబ్బ తీస్తుంది. నిద్రమాత్రలు, షుగరు మాత్రలు, బీపీ మాత్రలతో కలిస్తే మరీ ప్రమాదం. రాత్రిపూట బాత్రూంకి లేచి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవాళ్లలో ఎంతమంది తాగి ఉన్నారో ఆస్పత్రి కాగితాల్లో రాయరు. మతిమరుపు వచ్చిందని ఇంట్లోవాళ్లు వదిలేసిన మనిషికి నిజానికి ఏళ్ల తరబడి తాగుడు వల్ల బి1 విటమిన్ లోపం వచ్చి ఉండొచ్చు, అది తొందరగా గుర్తిస్తే కొంతైనా బాగుపడేది.

ఒకటి మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఏళ్ల తరబడి రోజూ తాగే పెద్దాయన చేత ఒక్కసారిగా, ఇంట్లో గది తలుపేసి, మాన్పించే ప్రయత్నం చేయకండి. చేతులు వణకడంతో మొదలై, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి లేనివి కనిపిస్తున్నాయని అరుస్తూ మనిషి చేజారిపోవచ్చు, ప్రాణానికే ముప్పు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. వేరే జబ్బుకి ఆస్పత్రిలో చేర్చినప్పుడు కూడా "రోజూ తాగుతారు" అని సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి, చెప్పకపోవడం వల్ల రెండోరోజో మూడోరోజో ఏం జరిగిందో అర్థంకాక కంగారుపడ్డ కుటుంబాలు నాకు తెలుసు.

అయితే ప్రభుత్వం ఎందుకు కలిపి చూడదు అంటారా, చూడాలని లేక కాదు, అక్కడి ఏర్పాటే అలా ఉంది. వృద్ధుల సంక్షేమం ఒక శాఖ, పెన్షన్ గ్రామీణాభివృద్ధి వైపు, ట్రిబ్యునల్ రెవెన్యూ వాళ్లది, డీఅడిక్షన్ (మత్తు మాన్పించే వైద్యం) వైద్య ఆరోగ్య శాఖది, మద్యం ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్‌ది. మీ ఎమ్మెల్యే గారి ప్రశ్నకి నిజంగా జవాబు చెప్పాలంటే ఐదుగురు లేవాలి. ఒక్కరు లేచి "పరిశీలిస్తాం" అన్నారు. పైగా డబ్బు సంగతి కూడా ఉంది. మద్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశం, తాగే మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు, 2017 జూలై తర్వాత రాష్ట్రాలు సొంతంగా రేటు పెట్టుకుని వసూలు చేసుకోగలిగిన కొద్దిపాటి వాటిలో ఇదొకటి. 2023లో తెలంగాణలో 2,620 షాపుల కోసం ఒక్కో దరఖాస్తుకి తిరిగివ్వని ఫీజు 2 లక్షలు పెడితే, షాపు తెరవకముందే దరఖాస్తుల మీద 2,600 కోట్లకి పైగా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబర్‌లో మళ్లీ ప్రైవేటు షాపులొచ్చాయి, 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. ఏ పార్టీ ఉన్నా ఇంతే, నేను ఏ పార్టీ తరఫునా మాట్లాడడం లేదు. రాజ్యాంగం 47వ అధికరణ మత్తు పానీయాల్ని నిషేధించే ప్రయత్నం చేయమంటుంది, 41వ అధికరణ వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం ఉండాలంటుంది, రెండూ ఆదేశిక సూత్రాల్లోనే ఉన్నాయి, కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేం. కాబట్టి అడగాల్సిన చోటు సభే.

ఇప్పుడు "పరిశీలిస్తాం" దగ్గరికి వద్దాం. చట్టసభల్లో ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంటుంది. మంత్రి సభలో "పరిశీలిస్తాం", "విషయం పరిశీలనలో ఉంది", "సమాచారం తెప్పించి సభ ముందు పెడతాం" లాంటి మాట అంటే దాన్ని హామీ కింద లెక్కగట్టి, ఏమైందని ఆ శాఖని అడగడం ఆ కమిటీ పని. పార్లమెంటులో అయితే మూడు నెలల్లో నెరవేర్చాలనే లెక్క ఉంది. అసెంబ్లీలో కూడా ఈ కమిటీ ఉంది. మీ ఎమ్మెల్యే గారు చేయాల్సిందల్లా ఆరోజు సభ కార్యకలాపాల రికార్డులోంచి మంత్రి అన్న మాట తీసుకుని, దీన్ని హామీగా నమోదు చేయండని రాయడం. నాకు తెలిసి ఎమ్మెల్యేలలో చాలామంది ఇది చేయరు, మాట్లాడిన వీడియో ముక్క పెట్టుకుని వదిలేస్తారు. మీరు వెళ్లి ఆయనకి ఇది గుర్తుచేయండి, నియోజకవర్గం ఓటరు అడిగితే దాని బరువే వేరు.

ఇంకో మాట, జీరో అవర్లో, అంటే సభ్యులు అత్యవసర విషయాలు ప్రస్తావించే సమయంలో, మాట్లాడటం కన్నా ప్రశ్నోత్తరాల్లో అడగడం గట్టి పని. జీరో అవర్లో ఆవేశం బాగుంటుంది, మంత్రి "నోట్ చేసుకున్నాం" అంటే అయిపోతుంది. ప్రశ్న రాసి ఇస్తే శాఖ జిల్లాల నుంచి లెక్క తెప్పించాలి, మా ఆఫీసుకి కూడా అలా వచ్చేవి, అసెంబ్లీ ప్రశ్న అని పైన ఎర్రగా రాసి ఉన్న ఫైలు వస్తే మిగతా పనులన్నీ ఆపి ఆరోజే జవాబు పంపేవాళ్లం. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని రిజిస్టర్లు ఆరోజు తెరిచేవాళ్లం. అంత శక్తి ఉంది ఆ ప్రశ్నకి. ఇక బడ్జెట్ సమయంలో పద్దుల మీద (శాఖలకిచ్చే డబ్బు మీద) చర్చ జరిగేటప్పుడు కోత తీర్మానం, అంటే ఆ పద్దు తగ్గించాలనే ప్రతిపాదన, ఇస్తే ఆ ఒక్క విషయం మీదే మంత్రి చేత మాట్లాడించవచ్చు, అది నెగ్గదు, నెగ్గడం కోసం ఇవ్వరు కూడా.

ప్రశ్న ఎలా రాయాలన్నదే అసలు కిటుకు. "వృద్ధుల సంక్షేమానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" అని అడిగితే పథకాల పేర్లు వరుసగా చదువుతారు. నేనైతే ఇలా రాసిస్తాను: ఫలానా డివిజన్లలో గత మూడేళ్లలో 2007 చట్టం కింద ఎన్ని దరఖాస్తులొచ్చాయి, 90 రోజుల్లో ఎన్ని తేలాయి, ఇచ్చిన ఆర్డర్లలో ఎన్నిటికి నిజంగా డబ్బు అందింది, ఎన్నిటిలో వారంటు జారీ అయింది, ఎన్ని దరఖాస్తుల్లో కొడుకు మద్యపానం కారణంగా రాసి ఉంది. ఈ చివరి ప్రశ్నకి శాఖ దగ్గర జవాబు ఉండదు, ఉండదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ గడే ఫారంలో లేదని ముందే చెప్పాను. "అలాంటి సమాచారం నిర్వహించడం లేదు" అని సభలో మంత్రి చేత చెప్పించడమే మొదటి మెట్టు. అప్పుడు అనుబంధ ప్రశ్నగా, ఇకమీదట నిర్వహిస్తారా అని అడగొచ్చు.

అడగాల్సిన అసలు కోరిక ఒకటుంది, కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. 2007 చట్టంలో 6వ సెక్షన్ కింద, విచారణకి ముందే ట్రిబ్యునల్ కేసుని రాజీ అధికారికి పంపవచ్చు, ఆయన నెలలోపు నివేదిక ఇవ్వాలి, రాజీ కుదిరితే అదే ఆర్డరు అవుతుంది. ఇటు చూస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యల్ని కూడా జబ్బు కిందే లెక్కగడుతుంది, ప్రభుత్వ ఖర్చుతో వైద్యం పొందే హక్కు ఉంది. ఈ రెండిటినీ కలపండి. కొడుకు తాగుడే కారణమని తల్లి చెప్పిన కేసుల్లో, రాజీ అధికారి ఆ కొడుకుని జిల్లా ఆస్పత్రిలోని డీఅడిక్షన్ విభాగానికి పంపి, వైద్యం తీసుకుంటానని అతను ఒప్పుకున్న మాట రాజీ పత్రంలో చేర్చాలి. అలా అయితే "మాన్పించండి చాలు" అన్న తల్లి మాటకి ఫైల్లో చోటు దొరుకుతుంది. దీనికి ప్రభుత్వం ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. మీ ఎమ్మెల్యే గారికి మీరు ఒకే ఒక్క విషయం చెప్పగలిగితే ఇది చెప్పండి.

వృద్ధాశ్రమాల గురించి కూడా ఆయన మాట్లాడారన్నారు. చట్టంలో జిల్లాకి కనీసం ఒకటి, 150 మందికి సరిపడేది పెట్టవచ్చు అని ఉంది. "పెట్టవచ్చు" అన్న ఆ ఒక్క పదం వల్ల ఎవరినీ గట్టిగా నిలదీయలేం. నెలకి 10,000 పరిమితి తీసేస్తూ 2019 డిసెంబర్లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, అది ఆమోదం పొందకుండానే సభ గడువుతో పోయింది. దాన్ని మళ్లీ తెమ్మని అసెంబ్లీ తీర్మానం చేయొచ్చు.

సభలో ఏదో జరిగేదాకా మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి కష్టం ఉంటే ఆగకండి. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఫోన్ నంబరు ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. మత్తు మాన్పించే సలహాకి 14446. మనసు బాగోలేకపోతే, ఇంట్లో తాగేవాళ్ల వల్ల నలిగిపోతున్నా సరే, 14416కి ఎప్పుడైనా చేయొచ్చు. కొడుకు కొడుతున్నాడంటే తల్లి గృహహింస చట్టం కింద కూడా వెళ్లొచ్చు, ఆ చట్టం కోడళ్లకి మాత్రమే అని చాలామంది అనుకుంటారు, కాదు. పొలమో ఇల్లో పిల్లల పేర రాసేటప్పుడు మాత్రం సెటిల్‌మెంట్ దస్తావేజులోనే "నన్ను జీవితాంతం చూసుకోవాలి" అన్న షరతు స్పష్టంగా రాయించండి. 2007 చట్టం 23వ సెక్షన్ కింద దస్తావేజు రద్దు చేయించుకోవాలంటే ఆ షరతు మీద రాసిచ్చామని చూపించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబర్లో చెప్పింది. షరతు ఉండి, దాన్ని తప్పిన ఒక కేసులో 2025 జనవరిలో తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది కూడా. తాగే కొడుకు పేర షరతు లేకుండా రాసేసి, ఆ ఇల్లు అమ్ముడైపోయాక మా ఆఫీసుకి వచ్చినవాళ్లకి మేము చేయగలిగింది చాలా తక్కువ.

మీరు ఒక పని చేయగలరా? మీ డివిజన్ ఆర్డీఓ ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పైన చెప్పిన ప్రశ్నలే అడగండి, ఎన్ని దరఖాస్తులు, ఎన్ని తేలాయి, ఎన్నిటికి డబ్బు అందింది. ఆ కాగితం తీసుకెళ్లి ఎమ్మెల్యే గారి చేతిలో పెడితే వచ్చే సమావేశాల్లో ఆయన దగ్గర మీ నియోజకవర్గం లెక్క ఉంటుంది. దరఖాస్తు రాయడంలో ఇబ్బంది ఉంటే మీ డివిజన్ పేరు ఇక్కడ చెప్పండి, నమూనా నేను రాసి పెడతాను.